సౌర కుటుంబం బయటి గ్రహాలు, వాటి రకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా పర్వాలేదు, ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది. చదివేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి. సూపర్ ఎర్త్, హాట్ జూపిటర్, మినీ నెప్ట్యూన్ అనే పేర్లు చాలావరకు ఆ గ్రహం ఎంత పెద్దదో, ఎంత వేడిగా ఉందో మాత్రమే చెబుతాయి. లోపల ఏముందో తెలియాలంటే ఇంకా కొలవాలి. వార్తల్లో వచ్చే గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది.

## మొదట్లో వచ్చే సందేహాలు

ఎక్సోప్లానెట్ అంటే ఏమిటి? ఇప్పటిదాకా ఎన్ని దొరికాయి?

సూర్యుడి చుట్టూ కాకుండా మరో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహమే ఎక్సోప్లానెట్. తెలుగులో బాహ్యగ్రహం అని కూడా రాస్తారు. నాసా లెక్కలో ధ్రువపడిన గ్రహాల సంఖ్య 2022 మార్చిలో 5,000 దాటింది, 2025 సెప్టెంబరులో 6,000 దాటింది. ఇవికాక ఇంకా తేల్చాల్సినవి వేలల్లో ఉన్నాయి. వాటిని 'క్యాండిడేట్లు' అంటారు. దొరికినవన్నీ దాదాపుగా మన పాలపుంతలోనే, అందులోనూ మనకి దగ్గరగా ఉన్న కొద్ది భాగంలోనే ఉన్నాయి.

మొదటిది 1992లో దొరికిందని కొందరు, 1995లో అని కొందరు అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. 1992లో అలెగ్జాండర్ వోల్ష్చాన్, డేల్ ఫ్రెయిల్ ఒక పల్సర్ చుట్టూ తిరిగే గ్రహాలను కనిపెట్టారు. పల్సర్ అంటే పేలిపోయిన పెద్ద నక్షత్రం మిగిల్చిన గుండె. అది గడియారంలా క్రమం తప్పకుండా రేడియో తరంగాలు పంపుతుంది. ఆ క్రమంలో వచ్చిన చిన్న చిన్న తేడాలే గ్రహాలను పట్టించాయి.

మామూలు నక్షత్రం చుట్టూ మొదట దొరికినది 51 పెగాసి బి. దాన్ని 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ ప్రకటించారు. అది గురుగ్రహంలో సగం బరువుంది, కానీ నక్షత్రాన్ని 4.2 రోజుల్లోనే చుట్టేస్తోంది. మన బుధుడికే 88 రోజులు పడుతుంది! అంత పెద్ద గ్యాస్ గ్రహం అంత దగ్గర్లో ఉంటుందని అప్పట్లో దాదాపు ఎవరూ అనుకోలేదు. ఇద్దరికీ 2019లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

ఈ పేర్లు ఇలా ఫోన్ నంబర్లలా ఎందుకుంటాయి?

ముందు నక్షత్రం పేరు, చివర ఒక చిన్న ఇంగ్లిష్ అక్షరం. నక్షత్రం పేరు చాలాసార్లు దాన్ని పరిశీలించిన టెలిస్కోప్ నుంచో సర్వే నుంచో వస్తుంది. కెప్లర్-36 అంటే కెప్లర్ టెలిస్కోప్ జాబితాలో 36వ నక్షత్రం. మొదట దొరికిన గ్రహానికి 'బి', తర్వాతి దానికి 'సి', ఇలా పోతుంది. 'ఎ' అనేది నక్షత్రానిదే కాబట్టి గ్రహాలకి వాడరు. అక్షరాలు దొరికిన వరుసను చూపుతాయి. ఒకేసారి దొరికితే నక్షత్రానికి దగ్గరగా ఉన్న దానితో మొదలుపెడతారు.

మొత్తం ఎన్ని రకాలు? అధికారిక జాబితా ఉందా?

అందరూ ఒప్పుకున్న అధికారిక జాబితా లేదు. నాసా సామాన్య పాఠకుల కోసం నాలుగు గుంపులు చేస్తుంది: గ్యాస్ దిగ్గజాలు, నెప్ట్యూన్ లాంటివి, సూపర్ ఎర్త్‌లు, రాతి గ్రహాలు. పరిశోధకులు మాత్రం ముఖ్యంగా మూడు సంఖ్యలు చూస్తారు. గ్రహం ఎంత వెడల్పు, ఎంత బరువు, నక్షత్రం నుంచి దానికి ఎంత వేడి అందుతోంది. 'లావా గ్రహం', 'పఫీ గ్రహం', 'హైసియన్' లాంటి పేర్లన్నీ ఈ సంఖ్యల మీద కట్టిన ఊహలు. కొన్ని ఊహలు గట్టివి, కొన్ని ఇంకా తేలాల్సినవి.

వీటిలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రకం ఏది?

భూమి కంటే పెద్దగా, నెప్ట్యూన్ కంటే చిన్నగా ఉండేవి. సూర్యుడి లాంటి నక్షత్రాల్లో మూడో వంతు నుంచి సగం దాకా ఇలాంటి గ్రహం కనీసం ఒకటి ఉందని అంచనా. అదీ మన బుధుడి కక్ష్య కంటే దగ్గర్లో. ఈ రంగంలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఇదే. గెలాక్సీలో ఇంత మామూలుగా కనిపించే గ్రహం మన సౌర కుటుంబంలో ఒక్కటీ లేదు. పక్కనే పెట్టుకుని పరీక్షించే అవకాశం లేదు కాబట్టే దాని గురించి ఇన్ని వాదనలు.

కనిపించకుండానే గ్రహం ఉందని ఎలా చెబుతారు?

ఎక్కువ గ్రహాలు ట్రాన్సిట్ పద్ధతిలో దొరికాయి. మన వైపు నుంచి చూస్తున్నప్పుడు గ్రహం నక్షత్రానికి అడ్డొస్తే వెలుగు కాస్త తగ్గుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకి గురుగ్రహం సూర్యుడి వెలుగును 1 శాతం తగ్గిస్తుంది, భూమి 0.008 శాతం మాత్రమే తగ్గిస్తుంది. ఎంత తగ్గిందో తెలిస్తే గ్రహం వెడల్పు తెలుస్తుంది. బరువు తెలియదు.

బరువు కోసం రేడియల్ వెలాసిటీ పద్ధతి వాడతారు. గ్రహం లాగుడుకి నక్షత్రం కూడా అటూ ఇటూ కొద్దిగా ఊగుతుంది. ఆ ఊపు నక్షత్ర కాంతి వర్ణపటంలో కనిపిస్తుంది. గురుడి వల్ల సూర్యుడు సెకనుకు 12 మీటర్లకు పైగా వేగంతో ఊగుతాడు, భూమి వల్ల వచ్చేది సెకనుకు 9 సెంటీమీటర్లే. భూమి లాంటి వాటి బరువు తూచడం ఎందుకింత కష్టమో దీన్నిబట్టి అర్థమవుతుంది. వెడల్పు, బరువు రెండూ చేతికొస్తేనే సాంద్రత తెలుస్తుంది. సాంద్రత తెలిస్తేనే అది రాయా, గ్యాసా అని మాట్లాడటానికి వీలవుతుంది.

## గ్యాస్ దిగ్గజాలు

హాట్ జూపిటర్ అంత దగ్గరికి ఎలా వెళ్లింది? అక్కడే పుట్టిందా?

నక్షత్రానికి ఆనుకుని తిరిగే, గురుడంత పెద్ద గ్యాస్ గ్రహాన్ని హాట్ జూపిటర్ అంటారు. ఇవి చాలావరకు దూరంగా పుట్టి లోపలికి వచ్చాయనే అనుకుంటున్నారు. నక్షత్రానికి ఆనుకుని ఉన్న చోట అంత పెద్ద గ్రహాన్ని పెంచేందుకు సరిపడా ముడిసరుకు దొరకడం కష్టం. లోపలికి రావడానికి రెండు దారులున్నాయి. గ్రహం పుట్టిన కొత్తల్లో నక్షత్రం చుట్టూ పళ్లెంలా పరుచుకుని ఉన్న గ్యాస్‌తో లాగుడు వల్ల మెల్లగా లోపలికి జారడం ఒకటి. వేరే గ్రహంతోనో జంట నక్షత్రంతోనో గురుత్వ పెనుగులాటలో కక్ష్య బాగా సాగిపోయి, తర్వాత నక్షత్రం దగ్గర గుండ్రంగా స్థిరపడటం రెండోది. రెండూ జరుగుతాయనడానికి ఆధారాలున్నాయి.

కొన్ని ఇంకా లోపలికే పోతున్నాయి. వాస్ప్-12 బి 26 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది. ఆ సమయం ఏటా దాదాపు 29 మిల్లీసెకన్లు తగ్గుతోంది. చివరికి నక్షత్రమే దాన్ని మింగేస్తుంది.

వార్తలన్నీ హాట్ జూపిటర్ల గురించే. అంటే అవే ఎక్కువా?

కాదు. సూర్యుడి లాంటి నక్షత్రాల్లో నూటికి ఒకదానికి, ఇంకా తక్కువకే అలాంటిది ఉంటుంది. పెద్దవి, దగ్గరగా తిరిగేవి కాబట్టి తేలిగ్గా దొరుకుతాయి. దొరికిన వాటి జాబితాని చూసి గెలాక్సీ మొత్తం ఇలాగే ఉంటుందనుకుంటే లెక్క తప్పుతుంది.

గాజు వాన, ఇనుప వాన అంటున్నారు. నిజంగా కొలిచారా?

కొంత కొలిచారు, కొంత లెక్క కట్టారు. 64 కాంతి సంవత్సరాల దూరంలోని హెచ్‌డి 189733 బి నీలంగా ఉందని హబుల్ టెలిస్కోప్ కొలతలు చెబుతున్నాయి. అక్కడ గాలి గంటకు 8,000 కిలోమీటర్లకు పైగా వేగంతో వీస్తోందని అంచనా. ఆ నీలం సముద్రాలది కాదు. పొగమంచులా తేలే సిలికేట్ (గాజుకి ముడిసరుకు) రేణువులు కాంతిని చెదరగొట్టడం వల్ల వచ్చిందని అనుకుంటున్నారు. గాజు అడ్డంగా కురుస్తుందనే మాట ఈ రెండు విషయాలు కలిపి అల్లినది.

వాస్ప్-76 బి విషయంలో 2020లో ఒక బృందం పగలూ రాత్రీ కలిసే రెండు అంచులనూ విడివిడిగా పరిశీలించింది. సాయంత్రం అంచున ఇనుప ఆవిరి కనిపించింది, ఉదయం అంచున కనిపించలేదు. అంటే రాత్రి వైపు చల్లారి కిందికి కురిసి ఉండాలని వాళ్ల వాదన. వాన పడటాన్ని ఎవరూ చూడలేదు. అదే సంకేతానికి వేరే వివరణలు ఇచ్చిన పరిశోధకులూ ఉన్నారు.

అన్నిటికంటే వేడి గ్రహం ఏది?

ఇప్పటివరకు తెలిసినవాటిలో కెల్ట్-9 బి. పగటి వైపు దాదాపు 4,300 డిగ్రీల సెల్సియస్. సూర్యుడి కంటే చిన్నగా, చల్లగా ఉండే ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల్లో చాలావాటి ఉపరితలం కూడా అంత వేడిగా ఉండదు. ఆ వేడికి హైడ్రోజన్ అణువులు కూడా నిలవలేక పరమాణువులుగా విడిపోతాయి.

గ్యాస్ గ్రహాలన్నీ నక్షత్రానికి అతుక్కునే ఉంటాయా?

లేదు. మన గురుడు, శని లాగా దూరంగా, చల్లగా తిరిగేవి హాట్ జూపిటర్ల కంటే ఎక్కువే ఉన్నాయి. ఒక చుట్టుకి ఏళ్ల తరబడి పడుతుంది కాబట్టి అంత కాలం ఓపికగా చూస్తేనే దొరుకుతాయి.

ఈ రెంటికీ మధ్యలో హెచ్‌డి 80606 బి అని ఒక విచిత్రం ఉంది. దాని ఏడాది 111 రోజులు. కక్ష్య ఎంత సాగి ఉందంటే, దూరంగా ఉన్నప్పుడు దాదాపు మన శుక్రుడి కక్ష్య దాటి ఉంటుంది, దగ్గరికొచ్చినప్పుడు సూర్యుడికీ భూమికీ మధ్య దూరంలో 3 శాతానికి చేరుతుంది. ఆ దగ్గరి మలుపులో ఆరు గంటల్లోనే దాని ఉష్ణోగ్రత సుమారు 500 డిగ్రీల నుంచి 1,200 డిగ్రీలకు ఎగబాకడాన్ని స్పిట్జర్ టెలిస్కోప్ నమోదు చేసింది. అంత దూరంలోని గ్రహం మీద వాతావరణం గంటల్లో మారిపోవడాన్ని మనిషి కొలవగలిగాడంటే మామూలు విషయం కాదు.

'పఫీ గ్రహం' అంటే ఏంటి?

సైజు పెద్దగా, బరువు చాలా తక్కువగా ఉన్న గ్రహం. కెప్లర్-51 చుట్టూ తిరిగే మూడు గ్రహాల వెడల్పు దాదాపు గురుడు, శని స్థాయిలో ఉంటుంది, బరువు మాత్రం భూమికి కొన్ని రెట్లే. ఘన సెంటీమీటరుకు 0.1 గ్రాము కూడా తూగవు, అంటే పీచుమిఠాయి లాంటివన్నమాట. అవి అంతలా ఎందుకు ఉబ్బాయో ఇంకా తేలలేదు. ఇదే తరహాకి చెందిన వాస్ప్-107 బి విషయంలో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కొంత సాయం చేసింది. ఉండాల్సినంత మీథేన్ లేకపోవడాన్ని బట్టి లోపలి భాగం అనుకున్నదానికంటే చాలా వేడిగా ఉందని తేలింది. నక్షత్రం లాగుడుకి గ్రహం లోపల పుట్టే రాపిడి వేడే దాన్ని ఉబ్బించి ఉండొచ్చు.

గ్యాస్ మొత్తం పోతే లోపల ఏం మిగులుతుంది?

టిఓఐ-849 బి అలాంటిదే కావచ్చు. 2020లో దాని వివరాలు వచ్చాయి. నెప్ట్యూన్ కంటే కాస్త చిన్నది, కానీ భూమికి దాదాపు 40 రెట్ల బరువు. సాంద్రత భూమికి దగ్గరగా ఉంది. ఏదో గ్యాస్ దిగ్గజం పైపొరలు కోల్పోగా బయటపడ్డ గుండె కావచ్చు, లేదా గ్యాస్ కూడగట్టుకోలేక మధ్యలో ఆగిపోయిన గ్రహం కావచ్చు.

## భూమికీ నెప్ట్యూన్‌కీ మధ్య

సూపర్ ఎర్త్ అంటే భూమి కంటే మంచి గ్రహమా?

ఆ పేరుకీ మంచికీ సంబంధం లేదు. భూమి కంటే కొంచెం పెద్దది అని మాత్రమే దాని అర్థం. గాలి లేని కాలిన బండ కావచ్చు, కరిగిన లావా ముద్ద కావచ్చు. సాధారణంగా భూమికి ఒకటిన్నర రెట్ల వెడల్పు దాకా ఉన్నవి రాతివి. కొందరు భూమికి పది రెట్ల బరువు దాకా అన్నిటినీ సూపర్ ఎర్త్ అనేస్తారు, అప్పుడు గ్యాస్ పొర కప్పుకున్నవి కూడా ఇందులోకి వచ్చేస్తాయి. వార్తలో ఈ పేరు కనిపిస్తే వెడల్పు ఎంతో వెతకండి.

మరి మినీ నెప్ట్యూన్‌కీ దానికీ తేడా ఏంటి? మధ్యలో గీత ఎక్కడుంది?

ఆ గీత మనం గీసింది కాదు, గణాంకాల్లోనే బయటపడింది. కెప్లర్ కనిపెట్టిన గ్రహాల నక్షత్రాలను 2017లో బెంజమిన్ ఫుల్టన్ బృందం మరింత కచ్చితంగా కొలిచింది. నక్షత్రం సైజు సరిగ్గా తెలిస్తే గ్రహం సైజు కూడా సరిగ్గా తెలుస్తుంది. అప్పుడు చూస్తే, భూమికి 1.3 రెట్ల దగ్గర ఒక గుంపు, 2.4 రెట్ల దగ్గర ఇంకో గుంపు ఉన్నాయి. 1.5 నుంచి 2 రెట్ల మధ్య గ్రహాలు బాగా తక్కువ. దీన్నే రేడియస్ గ్యాప్ అంటారు. చిన్న గుంపు సూపర్ ఎర్త్‌లు, పెద్ద గుంపు మినీ నెప్ట్యూన్‌లు.

ఎందుకిలా? ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. రెండు గుంపులూ రాతి గుండె, దాని మీద హైడ్రోజన్ పొరతోనే పుట్టాయి. బరువులో కొద్ది శాతం హైడ్రోజన్ ఉన్నా చాలు, గ్రహం వెడల్పు దాదాపు రెట్టింపవుతుంది. నక్షత్రం చిమ్మే ఎక్స్‌రే, అతినీలలోహిత కిరణాల వల్లో, గ్రహం లోపలి వేడి వల్లో ఆ పొర కొన్నిటికి పూర్తిగా ఎగిరిపోయింది, కొన్నిటికి నిలిచింది. సగం పొరతో ఎక్కువ కాలం నిలవడం కష్టం కాబట్టి మధ్యలో ఖాళీ వచ్చింది. నీరు ఎక్కువగా కలిసి పుట్టినవే మినీ నెప్ట్యూన్‌లు అనే పక్షం కూడా బలంగానే ఉంది.

ఒకే నక్షత్రం దగ్గర రెండు రకాలూ ఉండొచ్చా?

ఉండొచ్చు. కెప్లర్-36 చూడండి. లోపలి గ్రహం భూమికి ఒకటిన్నర రెట్ల వెడల్పు, సాంద్రత ఘన సెంటీమీటరుకు 7 గ్రాములకు పైనే. రాయి, ఇనుము తప్ప ఇంకోటి కాదు. బయటిది దాదాపు నెప్ట్యూన్ అంత వెడల్పు, సాంద్రత 0.9 గ్రాములే, అంటే నీటికంటే తేలిక. వీటి ఏడాదులు దాదాపు 14 రోజులు, 16 రోజులు. ప్రతి 97 రోజులకొకసారి ఒకదాని పక్కనుంచి ఒకటి వెళ్తాయి. అప్పుడు వాటి మధ్య దూరం భూమికీ చంద్రుడికీ మధ్య దూరానికి ఐదు రెట్ల కంటే తక్కువ. లోపలి దాని మీద నిలబడి చూడగలిగితే, రెండోది ఆకాశంలో మన చందమామకి రెండు రెట్లకు పైగా పెద్దగా కనిపిస్తుంది. ఇంత దగ్గర్లో ఇంత వేరువేరు గ్రహాలు ఉండటాన్ని కూడా పొర ఎగిరిపోయే లెక్క వివరించగలుగుతోంది. బయటి దాని గుండె బరువైనది కాబట్టి గ్యాస్‌ని పట్టి ఉంచుకుంది.

నెప్ట్యూన్ ఎడారి అంటే?

నక్షత్రానికి బాగా దగ్గర్లో, రెండు మూడు రోజుల్లో చుట్టొచ్చే కక్ష్యల్లో నెప్ట్యూన్ సైజు గ్రహాలు దాదాపు కనిపించవు. గురుడంత పెద్దవి వేడికి తట్టుకుంటాయి, చిన్నవి ముందే బండలవుతాయి, మధ్య సైజువి నిలవలేవు. ఎల్‌టిటి 9779 బి ఒక మినహాయింపు. 19 గంటల్లో చుట్టేస్తూ ఇంకా గ్యాస్ నిలుపుకుంది. తనమీద పడిన కాంతిలో చాలా భాగాన్ని అద్దంలా తిప్పి పంపడం కూడా అందుకు సాయపడి ఉండొచ్చు.

అంతా నీళ్లే ఉన్న గ్రహాలు దొరికాయా?

అలా అనిపించేవి ఉన్నాయి. 218 కాంతి సంవత్సరాల దూరంలో కెప్లర్-138 చుట్టూ తిరిగే రెండు గ్రహాలు ఒక్కోటి భూమికి ఒకటిన్నర రెట్ల వెడల్పు ఉన్నాయి, సాంద్రత మాత్రం రాతి కంటే బాగా తక్కువ. నీరు పెద్ద మోతాదులో ఉంటే లెక్క సరిపోతుందని 2022లో ప్రకటించారు. అయితే వాటి వేడికి అక్కడ ఉండేది మనం ఊహించుకునే సముద్రం కాదు, దట్టమైన ఆవిరి. నీటిని నేరుగా గుర్తించలేదు, సాంద్రతని బట్టి చెప్పినదే.

హైసియన్ అనే మాట ఎక్కడిది?

హైడ్రోజన్, ఓషన్ అనే రెండు మాటలు కలిపి 2021లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం పెట్టింది. పైన హైడ్రోజన్ వాతావరణం, కింద మహాసముద్రం ఉండే గ్రహం అని అర్థం. ఇదింకా ప్రతిపాదనే. అలాంటిది ఒక్కటి కూడా ఇప్పటికి ధ్రువపడలేదు.

## రాతి గ్రహాలు

లావా గ్రహాలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయనడానికి గట్టి కారణాలున్నాయి. 41 కాంతి సంవత్సరాల దూరంలోని 55 కాంక్రి ఇ 18 గంటల లోపే నక్షత్రాన్ని చుట్టేస్తుంది. అక్కడి పగటి వేడికి రాయి కరిగే ఉండాలి. 2024లో జేమ్స్ వెబ్ కొలతలు చూస్తే, ఒట్టి బండ ఉండాల్సిన దానికంటే అది చల్లగా ఉంది. వేడిని రాత్రి వైపుకి మోసుకెళ్లే వాతావరణం ఏదో ఉండొచ్చు, అది లావా నుంచే పైకి పొంగుతున్న కార్బన్ వాయువులు కావచ్చు.

అదే గ్రహం వజ్రంతో నిండి ఉందంటారు కదా?

2012లో అలాంటి అవకాశం ఉందని ఒక పత్రం వచ్చింది. ఆ నక్షత్రంలో ఆక్సిజన్ కంటే కార్బన్ ఎక్కువనే కొలతే దానికి ఆధారం. మరుసటి ఏడాది జాగ్రత్తగా మళ్లీ కొలిస్తే కార్బన్ తక్కువేనని తేలింది. వజ్రాల కథ మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ట్రాపిస్ట్-1 గురించి ఎందుకంత హడావుడి?

ఈ ఒక్క ఎర్ర మరుగుజ్జు నక్షత్రం చుట్టూ దాదాపు భూమి సైజు గ్రహాలు ఏడు ఉన్నాయి, అదీ 40 కాంతి సంవత్సరాల దూరంలోనే. ఏడో దాని ఏడాది కూడా 19 రోజులే. ఏడింటినీ బుధుడి కక్ష్య లోపల పెట్టేయొచ్చు. అన్నీ మన వైపు నుంచి నక్షత్రానికి అడ్డొస్తాయి. పైగా ఒకదాన్నొకటి లాగడం వల్ల ట్రాన్సిట్ సమయాలు మారుతుంటాయి కాబట్టి బరువులు కూడా బాగా తెలిశాయి. అన్నీ రాతివే.

2023లో జేమ్స్ వెబ్ మొదటి రెండు గ్రహాల వేడిని కొలిచింది. బి మీద చెప్పుకోదగ్గ వాతావరణం కనిపించలేదు, పగటి వైపు సుమారు 230 డిగ్రీలు. సి మీద శుక్రుడి లాంటి దట్టమైన కార్బన్ డయాక్సైడ్ లేదు. ఆశపెట్టుకున్నది వీటి మీద కాదు, కాస్త దూరంగా తిరిగే ఇ, ఎఫ్, జి మీద. వాటి పని ఇంకా నడుస్తోంది. ఎర్ర మరుగుజ్జుల మంటలు, రేడియేషన్ తట్టుకుని చిన్న గ్రహాలు గాలిని నిలుపుకోగలవా అన్నది ఈ రంగంలో ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయం. గెలాక్సీలో నాలుగింట మూడు వంతులు అలాంటి నక్షత్రాలే మరి.

ఒకవైపు ఎప్పుడూ పగలు, ఒకవైపు ఎప్పుడూ రాత్రి అంటారు. అదెలా?

మన చంద్రుడు భూమికి ఒకే ముఖం చూపించినట్టే, నక్షత్రానికి దగ్గరగా ఉన్న గ్రహం కూడా కాలక్రమంలో ఒకే వైపు చూపిస్తూ స్థిరపడుతుంది. నక్షత్రం లాగుడు గ్రహం తిరుగుడును మెల్లగా అదుపు చేస్తుంది. వాతావరణం తగినంత ఉంటే వేడి రాత్రి వైపుకి కూడా చేరుతుంది, లేకపోతే తేడా వందల డిగ్రీల్లో ఉంటుంది.

కరిగిపోతూ ఉన్న గ్రహం కూడా ఉందా?

ఉంది. 140 కాంతి సంవత్సరాల దూరంలో, 30 గంటల కక్ష్యలో అలాంటి ఒక గ్రహాన్ని టెస్ టెలిస్కోప్ సాయంతో 2025లో గుర్తించారు. రాయి ఆవిరై, చల్లారి దుమ్ముగా మారి, దాని వెనక తోకచుక్క తోకలా 90 లక్షల కిలోమీటర్ల దాకా పరుచుకుంది. ట్రాన్సిట్‌లో వెలుగు తగ్గి మళ్లీ మామూలుకి రావడానికి ఎక్కువ సేపు పట్టడమే ఆ తోకని పట్టించింది.

## వింత చోట్ల ఉన్నవి

రెండు సూర్యుళ్ల గ్రహం ఉంటుందా?

కెప్లర్-16 బి అలాంటిదే, 2011లో దొరికింది. శని సైజులో ఉంటుంది. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి 41 రోజుల్లో తిరుగుతాయి, వాటి రెండింటి చుట్టూ ఈ గ్రహం 229 రోజుల్లో తిరుగుతుంది.

ఏ నక్షత్రమూ లేకుండా తిరిగే గ్రహాలను ఎలా కనిపెడతారు?

వాటి గురుత్వాకర్షణ ద్వారా. అలాంటి గ్రహం ఎక్కడో దూరపు నక్షత్రానికి ముందుగా వెళ్తే ఆ నక్షత్రపు కాంతి వంగి కాసేపు ఎక్కువ వెలుగుతో కనిపిస్తుంది. 2016లో నమోదై 2020లో ప్రకటించిన ఒక వెలుగు దాదాపు 42 నిమిషాలే నిలిచింది. ఎంత తక్కువ సేపు ఉంటే అంత తేలికైన గ్రహం. అది అంగారకుడికీ భూమికీ మధ్య బరువున్నదై ఉంటుందని లెక్క. మళ్లీ చూడటానికి కుదరదు, ఆ అవకాశం ఒక్కసారే.

నక్షత్రం చచ్చిపోయాక గ్రహాలు మిగులుతాయా?

కొన్ని మిగులుతాయి. డబ్ల్యూడి 1856 అనే తెల్ల మరుగుజ్జు (చచ్చిన నక్షత్రం మిగిల్చిన గుండె) భూమి కంటే కాస్తే పెద్దది. దాని చుట్టూ గురుడి సైజు గ్రహం 1.4 రోజుల్లో తిరుగుతోంది. అంటే గ్రహమే నక్షత్రం కంటే ఏడు రెట్లు వెడల్పు! నక్షత్రం ఉబ్బి పెద్దదైనప్పుడు ఆ చోట ఏదీ మిగిలే వీల్లేదు, కాబట్టి తర్వాతే దూరం నుంచి లోపలికి వచ్చి ఉండాలి.

## వార్తలు చదివేటప్పుడు

'రెండో భూమి దొరికింది' అని వార్త వస్తే నమ్మాలా?

అందులో కొలిచింది ఏమిటో చూడండి. కెప్లర్-452 బిని 2015లో భూమికి దాయాది అన్నారు. ఏడాది 385 రోజులు, నక్షత్రం సూర్యుడి లాంటిదే. కానీ వెడల్పు భూమికి 1.6 రెట్లు, బరువు ఎవరూ కొలవలేదు. రాతిదో, గ్యాస్ కప్పుకున్నదో తెలియదు. సైజు, బరువు, వాతావరణం మూడూ భూమిలాగా ఉన్నాయని కొలతలతో తేలిన గ్రహం ఇప్పటివరకు ఒక్కటీ లేదు.

హ్యాబిటబుల్ జోన్‌లో ఉందంటే అక్కడ బతకొచ్చనేగా?

అక్కడ తగిన వాతావరణం ఉంటే నేలమీద నీరు ద్రవంగా నిలిచే వీలుందని మాత్రమే. దూరాన్ని బట్టి వేసే లెక్క అది. మన చంద్రుడు కూడా అదే దూరంలో ఉన్నాడు, అక్కడ గాలీ లేదు, నదులూ లేవు.

కె2-18 బి మీద జీవం ఉందని తేలిపోయిందా?

తేలలేదు. 124 కాంతి సంవత్సరాల దూరంలోని ఈ గ్రహం భూమికి 2.6 రెట్ల వెడల్పు, దాదాపు తొమ్మిది రెట్ల బరువు. 2023లో జేమ్స్ వెబ్ డేటాలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కనిపించాయని ప్రకటించారు. మీథేన్ విషయంలో పెద్దగా వివాదం లేదు. 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడ్ గాని, దానికి దగ్గరి ఇంకో రసాయనం గాని ఉన్నట్టు సంకేతం వచ్చిందన్నారు. భూమి మీద అది ముఖ్యంగా సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వస్తుంది.

సంకేతం యాదృచ్ఛికం కాదని ఎంత నమ్మొచ్చో సిగ్మాల్లో కొలుస్తారు. ఆ సంకేతం బలం మూడు సిగ్మాలే, ఆవిష్కరణ అనాలంటే మామూలుగా ఐదు సిగ్మాలు అడుగుతారు. అదే డేటాని వేరే బృందాలు మళ్లీ విశ్లేషిస్తే ఆధారం చాలదని తేల్చాయి. పైగా ఆ రసాయనం జీవం లేని తోకచుక్క మీద కూడా కనబడింది. అసలు ఆ గ్రహం మీద సముద్రం ఉందా, లేక దట్టమైన గ్యాస్ కింద కరిగిన రాయి ఉందా అన్నదే ఇంకా వాదనలో ఉంది.

ఆ రంగురంగుల ఫొటోలు నిజమైనవేనా?

దాదాపు అన్నీ చిత్రకారులు వేసినవే. నేరుగా తీసిన ఫొటోలు కొన్ని ఉన్నాయి, వాటిలో గ్రహం ఒక చుక్కలా కనిపిస్తుంది. హెచ్‌ఆర్ 8799 చుట్టూ 2008లో మూడు, 2010లో నాలుగోది ఇలా చిక్కాయి. ఏళ్ల తరబడి తీసిన ఫొటోలను వరుసగా పేర్చితే నాలుగు చుక్కలూ కక్ష్యల్లో కదలడం కనిపిస్తుంది. నాకు మటుకు ఏ రంగుల బొమ్మ కంటే ఆ చుక్కలే ఎక్కువ ఇష్టం.

దగ్గర్లో ఉన్నది ఏది? వెళ్లొచ్చా?

4.24 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా బి, 2016లో దొరికింది. వాయేజర్-1 వేగంతో వెళ్తే దాదాపు 75,000 ఏళ్లు పడుతుంది. ఆరు కాంతి సంవత్సరాల దూరంలోని బార్నార్డ్ నక్షత్రం చుట్టూ కూడా నాలుగు చిన్న గ్రహాలున్నాయని 2025లో తేలింది.

నేను సొంతంగా వీటిని పరిశీలించగలనా?

గ్రహాన్ని చూడలేరు గానీ, అది అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు తగ్గడాన్ని కొలవగలరు. హెచ్‌డి 189733 బి ట్రాన్సిట్‌లో వెలుగు 2 శాతానికి పైగా తగ్గుతుంది. చిన్న టెలిస్కోప్, దానికి తగిలించే మంచి కెమెరా, తేటగా ఉన్న ఆకాశం ఉంటే ఔత్సాహికులు కూడా దీన్ని నమోదు చేస్తున్నారు. ఇలాంటి కొలతలను నాసా 'ఎక్సోప్లానెట్ వాచ్' సేకరిస్తుంది, టెలిస్కోప్ లేనివాళ్లకి విశ్లేషించడానికి డేటా కూడా ఇస్తుంది. 'ప్లానెట్ హంటర్స్ టెస్'లో అయితే కంప్యూటర్ ముందు కూర్చుని టెస్ పంపిన వెలుగు గ్రాఫుల్లో తగ్గుదలలు వెతకొచ్చు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌లు వదిలేసిన గ్రహాలు కొన్ని అలా మనుషుల కంటికి దొరికాయి.